కింద పెన్సిలుతో ఒక పేరు

మామ పోయిన సంగతి నాకు ఇంగ్లీషులో తెలిసింది. ఆయన కొడుకు ఫోనుకి పంపిన మెసేజీలో ఒకే ఒక్క ముక్క ఉంది: "ఫాదర్ లెఫ్ట్ దిస్ మార్నింగ్." నేను తిరువళ్ళూరు దగ్గర కంపెనీలో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. మామ పొద్దున్నే ఇల్లు దాటి ఎటో వెళ్ళాడనుకున్నాను. అలా వెళ్ళడం ఆయనకి అలవాటే. తిరువళ్ళూరులో కొడుకు దగ్గరికి చేరాక కూడా నెలకోసారి ఎవరికీ చెప్పకుండా తిరుత్తణి బస్సెక్కి, తన పాత చోట కాసేపు కూచుని వచ్చేవాడు. అందుకని "బస్టాండులో అడగండి, దొరుకుతాడు" అని జవాబు కొట్టి ఇడ్లీ తుంచాను. రెండు నిమిషాలకి ఫోను మోగింది.

"అక్కా, అట్ల గాదు. నాయన ఇంక లేడు. తెల్లారేసరికి నిద్దర్లోనే అయిపోయినాది" అన్నాడు కొడుకు.

ఏడుపు వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, దానికంటే ముందు ఇంకో మాట వచ్చింది మనసులోకి. మామ చూసి ఉంటే ఆ మెసేజీని పంపనిచ్చేవాడు కాదు.

ఆయన నాకు వరసకి మామ కాడు. తిరుత్తణి తాలూకాఫీసు వీధిలో ఇంగ్లీషు కాయితాలు టైపు కొట్టేవాడు. బ్యాంకుకి, కంపెనీకి, ఇన్సూరెన్సుకి, పాస్‌పోర్టుకి రాసుకునే అర్జీలన్నీ ఆయన మిషను మీంచే పోయేవి. వీధి వీధంతా ఆయన్ని టైపు మామ అనేది, నేనూ అన్నాను. బి.ఏ. ఇంగ్లీషు చదివి, ఉద్యోగం దొరక్క, పెళ్ళి కుదరక ఇంట్లో కూచున్న రోజుల్లో ఆయన గదిలో కొత్తగా పెట్టిన కంప్యూటరు ముందు చేరాను. ఆయన మాత్రం చివరిదాకా పాత టైపు మిషనే వాడాడు. నేను ఆయన దగ్గర ఏడేళ్ళు పనిచేశాను. మొదటి ఏడాదంతా ఆయనకి ఇంగ్లీషు రాదనే అనుకున్నాను.

ఎందుకంటే ఆయన ఇంగ్లీషు అంత వికారంగా ఉండేది. "హి" అన్న మాట వాడేవాడే కాదు. మనిషి పేరే మళ్ళీ మళ్ళీ కొట్టేవాడు. పది వరసల అర్జీలో ఒక్క పేరే ఏడుసార్లు వచ్చేది. చిన్న చిన్న ముక్కలు, ముక్కకో చుక్క. నేను కాలేజీలో నేర్చుకున్న పొడుగాటి వాక్యాలు చూపించి, "మామా, ఇట్ల కొడితే అందంగా ఉండదా?" అనేదాన్ని.

"అందంగానే ఉండాది పాపా. కానీ 'వాడు వాణ్ణి కొట్టినాడు' అంటే యా వాడు, యా వాణ్ణి? నీకు తెలుసు, వచ్చినోడు నీకు కత చెప్పినాడు గనక. చదివే దొరకి యాడ తెలుస్తాది? కాయితంతో మన మొగం పోదు గదమ్మా."

కాయితంతో మొగం పోదు. ఈ మాట ఆయన వారానికి నాలుగుసార్లయినా అనేవాడు. ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు చెయ్యి చూపిస్తాం, కళ్ళెగరేస్తాం, అర్థంకాకపోతే అవతలివాడు అడుగుతాడు. కాయితం ఒంటరిగా పోతుంది. దాన్ని ఎవరూ అడగలేరు, అది ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కాయితం పూర్తయ్యాక సంతకం పెట్టించే ముందు గుమ్మంలోకి వెళ్ళి నిలబడేవాడు. దారిన పోయేవాళ్ళలో ఇంగ్లీషు ఓ మోస్తరుగా వచ్చినట్టున్న మనిషిని పిలిచేవాడు. మందుల కంపెనీ కుర్రాడు, రిటైరైన రైల్వే ఆయన, బస్సు కోసం చూస్తున్న నర్సమ్మ, ఎవరైనా సరే. ఒక టీ చెప్పి, కాయితం చేతికిచ్చి, "ఇందులో ఏముండాదో మీకు తెలిసినట్ల మీ మాటలో చెప్పండయ్యా" అనేవాడు. ఆ మనిషి తెలుగులోనో తమిళంలోనో చెప్పేవాడు. అర్జీ పెట్టుకునేవాళ్ళు పక్కన నిలబడి వినాలి. విని "అంతే" అంటే సంతకం. "అది గాదు" అంటే కాయితం నాలుగు ముక్కలు. చదివిన మనిషి పేరు నకలు కింద పెన్సిలుతో రాసి ఫైల్లో పెట్టేవాడు. ఇంగ్లీషు మరీ బాగా వచ్చినవాళ్ళని మాత్రం పిలిచేవాడు కాదు. "వాళ్ళు మనం రాయనిది గూడా చదివేస్తారు" అనేవాడు.

ఒకసారి ఒక బస్సు కండక్టరు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. అన్న పెళ్ళికి పెళ్ళాంతో కలిసి వెళ్ళాలని సెలవు చీటీ తనే రాసుకున్నాడు. తెలుగులో అనుకున్నదాన్ని అదే వరసలో ఇంగ్లీషులో పెట్టేసరికి, "మై బ్రదర్స్ మ్యారేజ్ విత్ మై వైఫ్" అయింది. డిపోలో పైఅధికారి అందరికీ వినిపించి మరీ నవ్వాడట. నేనూ నవ్వు ఆపుకోలేక మానిటరు వెనక దాక్కున్నాను. మామ నవ్వలేదు.

"నవ్వినాయన మంచోడేనప్పా. నీ సంగతి తెలిసింది గాబట్టే నవ్వినాడు. తెలియనోడు నవ్వడు, సంతకం పెట్టేస్తాడు. వాడితోనే భయం" అని, చీటీని రెండు ముక్కల్లో తిరగరాసిచ్చాడు.

బోర్డులతో కూడా ఆయనకి పేచీయే. మా వీధి చివర ఒక క్లినిక్ ముందు, డాక్టరు శుక్రవారం పొద్దున మాత్రమే చూస్తారని ఇంగ్లీషులో రాసి ఉండేది. వారంలో ఆ ఒక్క పూటే చూస్తారా, శుక్రవారమైతే పొద్దున పూట వరకే చూస్తారా? మామ లోపలికి వెళ్ళి కాంపౌండరుని అడిగాడు. ఆయన "ఎన్న సార్, చదువుకోను రాదా" అన్నాడు. మామ బయట వరసలో ఉన్న ఎనిమిది మందిని అడిగి వచ్చాడు. ఐదుగురు ఒకటన్నారు, ముగ్గురు ఇంకొకటన్నారు. ఆ లెక్క చీటీ మీద రాసి కాంపౌండరు చేతిలో పెట్టాడు. బోర్డు మాత్రం మారలేదు. ఆ దారిన పోయినప్పుడల్లా మామ దాని ముందు ఒక్క క్షణం ఆగి, తల ఊపి, మళ్ళీ నడిచేవాడు.

ఇదంతా చాదస్తం అనిపించేది నాకు. ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

మా గది ఓనరు మామకి సొంత బావ, అక్క మొగుడు. కే.జీ.కండిగైలో భూములున్న మనిషి, వీధిలో నాలుగు గదులు అద్దెకిచ్చుకున్నాడు. ఆయన తమ్ముడు చనిపోయాడు. ఆ తమ్ముడి భార్య తిరువాలంగాడు దగ్గర చిన్న ముక్కలో కనకాంబరాలు వేసుకుని, కోసిన పూలు తిరుత్తణి పూల అంగళ్ళకి వేసి బతుకుతోంది. ఒక కంపెనీ గోడౌను కట్టుకోవడానికి అక్కడ రోడ్డు పక్క నేల అడిగింది, కాయితాలన్నీ ఇంగ్లీషులోనే కావాలంది. ఆ రోడ్డు పక్కన ఓనరుదీ ఉంది, ఆమెదీ ఒక ముక్క ఉంది. ఆ ముక్క బావకి వదిలి, బదులుగా తోట వెనక నేల తీసుకోవడానికి ఆమె ఒప్పుకుంది. ముక్కకి అంచునే ఆమె బోరు ఉంది. పూలతోటకి నీళ్ళు ఆ బోరువే.

ఒక మధ్యాహ్నం మామ అన్నానికి వెళ్ళినప్పుడు ఓనరు వచ్చి నా ఎదుట కూచున్నాడు. తన మరదలు సంతకం పెట్టాల్సిన సమ్మతి కాయితం తనే చెప్పి నాచేత కొట్టించాడు. "మై ల్యాండ్ నియర్ ది రోడ్ అండ్ ది బోర్‌వెల్" దగ్గర నా చెయ్యి ఆగింది. రోడ్డుకీ బోరుకీ దగ్గరున్న నేల అనుకోవచ్చు. రోడ్డు దగ్గరి నేల, దాంతోపాటు బోరు కూడా అనుకోవచ్చు.

"అట్లే ఉండనీమా, చిన్నగా బాగుండాది. నీ ఇంగ్లీషే ఇంగ్లీషు. మా బామ్మర్దిది ఇంగ్లీషా అది?" అన్నాడు ఓనరు.

నాకు తెలియలేదని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. తెలిసింది. పొగడ్తకి కరిగిపోయాను, గది ఓనరుకి ఎదురు చెప్పడానికి జంకాను. రోడ్డు మీది మనిషిని పిలుస్తానంటే, "ఇంటి సంగతి రోడ్డు మీద చదివేదేంది?" అన్నాడు. సరేనని ప్రింటు తీసి ఇచ్చేశాను. నకలు మాత్రం అలవాటుకొద్దీ ఫైల్లో పెట్టాను.

సాయంత్రం మామ ఫైలు తిరగేస్తూ ఆ కాయితం దగ్గర ఆగాడు.

"ఎవురు చదివినారు పాపా దీన్ని?"

"ఎవురూ లేదు మామా."

ఆయన ఒకసారి చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడిచి పెట్టుకుని, మళ్ళీ చదివాడు. తిడతాడని చూశాను, తిట్టలేదు. "సంతకం ఎప్పుడంట?" అన్నాడు. ఎల్లుండి అన్నాను. "అయితే రేపు ఫస్టు బస్సుకి వచ్చేయి. ఆయమ్మకి చదివి చెప్తాం."

"మీరు చెప్పండి మామా, నేను యాడ చెప్పేది?"

"టైపు కొట్టింది నువ్వు. చెప్పేదీ నువ్వే."

మర్నాడు తిరువాలంగాడులో బస్సు దిగి తోట దాకా నడిచాం. ఆమె కొంగు నడుముకి చుట్టుకుని పూలు కోస్తోంది. ఎండెక్కితే పూలు వాడిపోతాయని కోత ఆపలేదు. నేను గట్టు మీద నిలబడి చదివాను. దాన్ని ఇట్లా అనుకోవచ్చు, అట్లా కూడా అనుకోవచ్చు అని రెండూ చెప్పాను.

ఆమె చెయ్యి ఆగింది. "బోరు గూడానా? బావగారు బోరు మాటే ఎత్తలేదే! బోరు పాయనంటే నేనేం తిని బతకల్ల?" అని మామ వైపు తిరిగింది. "అన్నా, దీన్ని ఎవురు రాసినారు?"

మామ నా వైపు చూడలేదు. వంగి, గట్టు మీద రాలిన పూలు ఏరసాగాడు. నాకు తప్పించుకునే దారి లేకుండా పోయింది.

"నేనే అక్కా" అన్నాను.

ఆమె బుట్టలోంచి పిడికెడు పూలు తీసి తడిగుడ్డలో చుట్టి, "దూరం నుండి వచ్చినారు, పెట్టుకో" అని ఇచ్చింది. ఆ పూలు జడలో పెట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.

ఆ మధ్యాహ్నమే మామ తన మిషను మీద కొత్త కాయితం కొట్టాడు. రోడ్డు దగ్గరి నేల ఇస్తున్నాను. బోరు ఇవ్వడం లేదు. రెండే ముక్కలు, మధ్యలో చుక్క. వీధిలోంచి ఒక స్కూలు టీచరమ్మని పిలిచి చదివించి, పేరు రాసుకుని, దాన్ని తనే తీసుకెళ్ళి బావ చేతిలో పెట్టాడు. ఓనరు వీధిలోకి వచ్చి మరీ అరిచాడు.

"నా గదిలో కూచోని నాకే ఎసరు పెడతావా? ఖాళీ చెయ్యి!"

"సరి బావా" అన్నాడు మామ. ఆ ఒక్క మాటే. పూలతోట ఆమె కొత్త కాయితం మీదే సంతకం పెట్టింది, బోరు ఆమెకే మిగిలింది. మూడో రోజుకి మా సామానంతా బయట ఉంది. ఎదుటి జెరాక్సు అంగడాయన తన మెట్ల మీద చోటిచ్చాడు, నా కంప్యూటరుకి లోపల ఒక మూల ఇచ్చాడు. మామ పై మెట్టు మీద మిషను పెట్టుకుని, నీలం టార్పాలిను కట్టుకున్నాడు. వాన జల్లు కొడితే మిషను మీద గోనెపట్ట కప్పి, తను తడుస్తూ కూచునేవాడు. ఆయన అక్క ఆ దారిన పోతూ తల తిప్పుకునేది. ఆయన మెట్ల మీదున్న పన్నెండేళ్ళూ ఒకే కడుపున పుట్టినవాళ్ళు మాట్లాడుకోలేదు. నేను చేసిన పనికి ఆయన ఆ శిక్ష మోశాడు. చాలాసార్లు క్షమాపణ అడగబోయాను. అడగనివ్వలేదు. మొదటి రోజు నేను నోరు తెరవగానే, "ఈ కాయితం అయిపోయినాది పాపా, రోడ్డు మీద ఎవురన్నా ఉండారేమో చూడు" అన్నాడు. నేను వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆ తర్వాత అలా చదివించడం ఎప్పుడూ మరిచిపోలేదు. ఇప్పుడు మా కంపెనీలో నోటీసు బోర్డు నా పనే. ఏది అంటించినా ముందు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చేత చదివిస్తాను. ఆఫీసులో నవ్వుతారు. నవ్వినవాళ్ళతో భయం లేదు.

తిరువళ్ళూరులో దహనం అయిపోయింది. మూడో రోజు ఓనరు ఫోన్ చేశాడు. ఆ గొంతు విని చాలా ఏళ్ళయింది. "అమ్మా, తిరుత్తణికి రాగలవా? కర్మ రోజు ఎప్పుడో ఆఫీసుల్లో, అంగళ్ళలో అందరికీ తెలియల్ల. ఇంగ్లీషు కాయితం నువ్వే కొట్టల్ల" అన్నాడు.

వెళ్ళాను. ఆయన జెరాక్సు అంగడి మెట్ల మీద, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉన్నాడు. సరిగ్గా మామ కూచునే మెట్టు మీదే. పక్కన మామ అక్క, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. లోపల కంప్యూటరు ముందు కూచున్నాను. 'హెవెన్లీ అబోడ్', 'ఎటర్నల్ రెస్ట్' అని పెద్ద పెద్ద మాటలు వచ్చాయి వేళ్ళ మీదికి. అన్నీ కొట్టేసి, 'డైడ్' అన్న మాటే పెట్టాను. అన్నేళ్ళలో మామ పేరు టైపు కొట్టడం నాకు అదే మొదలు. "హి" అని ఒక్కచోటా కొట్టలేదు. ఐదు వరసల్లో ఆయన పేరు ఐదుసార్లు వచ్చింది.

ప్రింటు తీసి ఓనరుకి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు.

"రోడ్డు మీద చదివించుమా" అన్నాడు.

వీధిలోకి వెళ్ళాను. కొండ మీద గుండు చేయించుకుని, తల మీద గంధం ఆరీ ఆరక, బస్టాండు వైపు పోతున్న మనిషి కనిపించాడు. చిత్తూరు పక్క ఊరంట, ఏదో మిల్లులో గుమాస్తా అంట. పిలిస్తే వచ్చాడు. టీ చెప్పాను. కాయితం పట్టుకుని నిదానంగా చదువుకుని చెప్పాడు.

"టైపు కొట్టే పెద్దాయన ఒకరు చచ్చిపోయినారు. ఈ వీధిలోనే గదిలో మొదులుపెట్టి, అప్పుడు మెట్ల మీద కూచోని, చానా ఏండ్లు కాయితాలు కొట్టినారంట. ఆదివారం కర్మ. తెలిసినోళ్ళు రండి అంటాండారు."

మామ అడిగినట్టే నేను ఓనరుని అడిగాను. "అంతేనా?"

ఆయన చేతికర్ర మెట్టు మీద ఆనించి అన్నాడు. "అది గాదు."

నాకు అర్థం కాలేదు. "తేదీ తప్పా?"

"తేదీ సరే. గదిలో మొదులుపెట్టి మెట్ల మీదికి వచ్చినాడంటే, ఆయన ఇష్టానికి వచ్చినట్ల ఉండాది. చదివినోడు అట్లే అనుకుంటాడు. నేను ఎళ్ళగొడితే వచ్చినాడు. అది రాయి. నా పేరు పెట్టి రాయి."

మామ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వద్దని ఆమె అనలేదు. నేను ఆ కాయితాన్ని నాలుగు ముక్కలు చేసి, లోపలికి వెళ్ళి మళ్ళీ కొట్టాను. గుండు మనిషి బస్సు పోతుందని ఒక్కసారి కూడా అనలేదు. రెండో కాయితం అందుకుని చదివాడు. మధ్యలో ఆగి ఓనరు ముఖం చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇక్కడ కూచున్న ఈయనే టైపు కొట్టే పెద్దాయన గది లాక్కున్నారంట. అందుకని ఆ పెద్దాయన పన్నెండేండ్లు మెట్ల మీద కూచున్నారంట."

"అంతేనా?" అన్నాను.

"అంతేమా" అన్నాడు ఓనరు. జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు.

గుండు మనిషి టీ తాగేసి గ్లాసు మెట్టు మీద పెట్టాడు. పేరు అడిగితే చెప్పాడు. నకలు కింద పెన్సిలుతో రాసుకున్నాను.